పంటల పండుగ నేలపై ముళ్ళకంచె

అమెరికాలో కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా వంటి పాలనా విభాగం. ఏడాది పొడవునా సేద్యంలో మునిగి ఉండే రైతులు పంటలు చేతికి వచ్చే వేళ ఒకచోట చేరుతారు. తాము పండించిన కూరగాయలను, పెంచిన పశువులను, ఇంట చేసిన జాములను, కుట్టిన బొంతలను పదిమంది ముందు ఉంచి బహుమతులు అందుకొంటారు. ఆ వేడుకనే అక్కడ కౌంటీ ఫెయిర్ అంటారు.

వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ నగరానికి దక్షిణంగా, పియర్స్ కౌంటీలో ప్యూయాలప్ అనే పట్టణం ఉంది. మంచు కప్పిన రెయినియర్ పర్వతం నీడన ఉన్న ఆ లోయ సారవంతమైనది. బీరుకు చేదునిచ్చే హాప్స్ తీగను సాగుచేసి ఎజ్రా మీకర్ వంటివారు అక్కడ ధనవంతులయ్యారు. 1890ల తొలినాళ్ళలో పేనుబంక ఆ పంటను ధ్వంసం చేసింది. రైతులు వేరు పంటల వైపు మళ్ళారు. 1900 అక్టోబరులో మూడురోజుల పాటు తొలి ప్రదర్శన జరిగింది. చిన్నగా మొదలైన ఆ ప్రదర్శన 1913 నాటికి పశ్చిమ వాషింగ్టన్ ప్రాంతమంతటికీ చెందినదై ఆ పేరే ధరించింది. ప్రేక్షకులకు మెట్ల వరుసల గ్యాలరీ, పిల్లలకు రంగులరాట్నాలు వచ్చాయి. 1935లో కొయ్యతో రోలర్ కోస్టర్ కట్టారు.

ఆ లోయలలో కూరగాయలు, బెర్రీ పండ్లు పండించేవారిలో జపాన్ నుండి వలస వచ్చిన కుటుంబాలు అనేకం. 1921 నాటి రాష్ట్ర చట్టం వారిని భూమి కొననివ్వలేదు. అయినా వారు అక్కడే పాతుకొన్నారు. సియాటిల్ లోని పైక్ ప్లేస్ మార్కెట్ దుకాణాలలో పెద్ద భాగం వారివే.

1941 డిసెంబరు 7న జపాన్ విమానాలు పెరల్ హార్బర్‌పై దాడి చేశాయి. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066వ ఉత్తర్వుపై సంతకం చేశాడు. దాని బలంతో సైన్యం పశ్చిమ తీరంలోని జపనీయ సంతతివారిని తరలించింది. జర్మనీ, ఇటలీలు సైతం శత్రుదేశాలే. కాని ఆ సంతతులవారిని ఊళ్ళకు ఊళ్ళుగా తరలించలేదు. తరలింపునకు గురైనవారిలో మూడింట రెండువంతుల మంది అమెరికాలో పుట్టిన పౌరులే. నేరం మోపలేదు, విచారణ లేదు.

అంతమందిని వెంటనే ఎక్కడ ఉంచాలి? సైన్యం దృష్టి విశాలమైన ప్రదర్శన మైదానంపై పడింది. గ్యాలరీ మెట్ల కింద గదులు కట్టారు. వాహనాలు నిలిపే స్థలాలలో పలక షెడ్లు వరుసగా లేచాయి. చుట్టూ ముళ్ళకంచె వేసి కాపలా పెట్టారు. ఏప్రిల్ 28 నుండి కుటుంబాలు రాసాగాయి. ప్రతి కుటుంబానికీ ఒక సంఖ్య. ఆ సంఖ్య వ్రాసిన చీటీని మెడలోనో చొక్కాకో తగిలించుకొని, చేతులతో మోయగలిగినంత సామానుతో వచ్చారు. కుటుంబానికి ఒక గది, ఒక కట్టెల పొయ్యి, గడ్డి కూరిన పరుపులు. గదుల నడుమ గోడలు కప్పును తాకేవి కావు. ఒకరి దగ్గు, ఒకరి ఏడ్పు అందరిదీ అయింది. ఆగిపోయిన రోలర్ కోస్టర్ ఆ నివాసాల నడుమ నిలిచి ఉండేది.

మే చివరికి అక్కడ 7,390 మంది ఉన్నారు. సైనికాధికారి ఒకరు ఆ చోటికి క్యాంప్ హార్మనీ, అనగా సామరస్య శిబిరం, అని పేరు పెట్టాడు. ముళ్ళకంచెకు ఇంతకన్న విచిత్రమైన ముసుగు ఉండదేమో! సెప్టెంబరు నాటికి వారిలో అత్యధికులను ఐడహో రాష్ట్రపు ఎడారి నేలలోని మినిడోకా శిబిరానికి రైళ్ళలో పంపారు. పొలాలలో వారు వదలివచ్చిన పంటలను ఇతరులు కోసుకొన్నారు.

యుద్ధకాలమంతా ప్రదర్శన జరగలేదు. 1946లో మళ్ళీ మొదలైంది. పశువులు, పండ్లు, రాట్నాలు తిరిగి వచ్చాయి. జరిగినదాని గురించి మాత్రం చాలాకాలం ఎవరూ మాట్లాడలేదు. బాధపడినవారు సైతం సిగ్గుతో పిల్లలకు చెప్పలేదు. 1978 నవంబరులో రెండువేల మందికి పైగా సియాటిల్ నుండి కార్ల బారులో ఆ మైదానానికే బయలుదేరారు. నాటివలెనే చీటీలు తగిలించుకొన్నారు. పరిహారోద్యమానికి అది ఊపునిచ్చింది. 1988లో అమెరికా ప్రభుత్వం చట్టపూర్వకంగా క్షమాపణ చెప్పి, బ్రతికి ఉన్న ప్రతి బాధితునికీ 20,000 డాలర్లు ఇచ్చింది.

1983లో ఆ మైదానంలో ఒక స్మారక శిల్పం వెలసింది. దానిని రూపొందించిన జార్జ్ సుతాకావా సియాటిల్‌లో పుట్టినవాడు. తనవారిని దేశం శిబిరాలలో బంధించిన ఆ యుద్ధకాలంలో, అతడు అదే దేశపు సైన్యంలో సైనికుడు.