మూత లేని శాండ్‌విచ్

2019లో ఒక సంఘ సదస్సు నిమిత్తము డెన్మార్కు దేశము వెళ్ళే అవకాశము దేవుడు నాకు దయచేశాడు. 1706లో తరంగంబాడిలో దిగిన మిషనరీలను పంపిన రాజు పట్టణము గనుక కోపెన్‌హాగన్ చూడాలని నాకు ఎప్పటినుండో ఆశ. అయితే ఇప్పుడు వ్రాసేది చర్చీల గురించి కాదు, ఒక రొట్టె గురించి.

మాకు ఆతిథ్యమిచ్చిన సహోదరుడు ఒక మధ్యాహ్నము నన్ను ఆమన్స్ అనే దుకాణమునకు తీసుకొనివెళ్ళాడు. ఆడమ్ ఆమన్ అనే వంటగాడు 2006లో ప్రారంభించినది. మనకు తెలిసిన శాండ్‌విచ్‌కు రెండు రొట్టె ముక్కలుంటాయి. ఇక్కడ పైమూత లేదు. అడుగున ఒకే ముక్క, దానిపై వెన్న, ఆపైన ఊరవేసిన హెర్రింగ్ చేపో, ఉడికిన బంగాళదుంపో, సన్నగా తరిగిన ఉల్లి, పచ్చని ఆకులు. పెండ్లి పందిరిలా అలంకరించి ఇస్తారు. చేతితో కాదు, కత్తి ఫోర్కులతో తినాలి. 2004లో ఆ ప్రాంతపు వంటవారు కొందరు కూడి, తమ నేలలో, తమ సముద్రములో దొరికే వాటితోనే వండాలని ఒక ప్రకటన చేశారట. (ధర ఎంతో ఈ పత్రిక చదివే నా భార్యకు మాత్రము చెప్పను.)

నా కన్ను మాత్రము అడుగునున్న రొట్టెమీద నిలిచింది. నల్లగా, బరువుగా, గింజలు కనబడుతూ, కొంచెము పులుపుగా ఉంది. గోధుమ సరిగా పండని చలి నేలలో, ఇసుక నేలలో పండే రై అనే ధాన్యముతో చేస్తారు. ఒకప్పుడు కూలీలు, పొలము పనివారు మధ్యాహ్నమునకు మూట కట్టుకొనిపోయిన రొట్టె ఇదే. మొదటి ప్రపంచ యుద్ధములో, 1917లో, ధాన్యము రాకడ ఆగిపోతే ఆ దేశస్థులు పందులను తగ్గించి, వాటికి వేసే తవుడును కూడా రొట్టెలో కలుపుకొని తిన్నారు. ఆ సంవత్సరము మరణాలు తగ్గాయని హిండ్‌హెడే అనే వైద్యుడు తరువాత వ్రాశాడు.

నాకు మా హాస్టలు గుర్తుకొచ్చింది. మాది కర్నూలు జిల్లా మెట్ట పల్లె. 1983లో రెండు రూపాయల బియ్యము వచ్చాక ఊరిలో జొన్న తినేవారు బీదవారిగా లెక్క. అమ్మ కట్టి పంపిన జొన్నరొట్టెలను నేను పెట్టె మూత చాటున తినేవాడిని. ఒక పండుగ సెలవు తరువాత వాటిని దారిలోనే పారవేశాను. బాగున్నాయా అని అమ్మ అడిగితే బాగున్నాయన్నాను. ఆ సంగతి ఆమెకు నేటికీ తెలియదని అనుకొంటూ వచ్చాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆ నల్లరొట్టె ఒకటి కొనితెచ్చాను. అమ్మ ఒక తునక నమిలి, “పులుపు ఎక్కువైంది. అయినా పారేసే రొట్టె కాదులే నాయనా” అని నా వైపు చూసి నవ్వింది. నేను తలెత్తలేదు.

మరునాడు ఉదయము ఆమె నా పిల్లలిద్దరినీ పొయ్యి ప్రక్కన కూర్చోబెట్టుకొని, జొన్నపిండిలో వేడినీళ్ళు పోసి కలపడము మొదలుపెట్టింది.