లాస్కీ తర్వాత ఆ కుర్చీలో

డిసెంబరు 2

అటక మీది పెట్టె దింపితే ఎమ్మే రోజుల నాటి లాస్కీ 'గ్రామర్ ఆఫ్ పాలిటిక్స్' దొరికింది. అట్ట ఊడిపోయింది. మాకు రాజనీతి అంటే లాస్కీయే. 1950లో ఆయన పోయాక లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆ కుర్చీ ఎవరికి దక్కిందో మా క్లాసులో ఎవరూ చెప్పలేదు.

డిసెంబరు 4

మైకేల్ ఓక్‌షాట్‌కి. 1951లో. ఫేబియన్ సోషలిస్టులు పెట్టిన విద్యాసంస్థలో, లేబర్ పార్టీకి అధ్యక్షత వహించిన లాస్కీ స్థానంలో ఒక సంప్రదాయవాది! కేంబ్రిడ్జిలో చదివి అక్కడే పాఠం చెప్పాడు, హాబ్స్ 'లెవయతాన్'కి 1946లో పేరుపొందిన పీఠిక రాశాడు. 1936లో మిత్రుడితో కలిసి డెర్బీలో గెలిచే గుర్రాన్ని ఎంచుకోవడం మీదా ఒక పుస్తకం రాశాడట. మనిషి మీద ఇష్టం పుట్టింది.

డిసెంబరు 8

ఓక్‌షాట్ 'రేషనలిజం ఇన్ పాలిటిక్స్' చదువుతున్నాను. వంట పుస్తకంలోంచి వంట పుట్టదు, ముందు వండే చేతులుంటాయి అంటాడు. మన వంటల పుస్తకాల్లో 'ఉప్పు తగినంత' అని ఉంటుంది కదా. ఆ తగినంత ఎంతో ఏ పేజీలోనూ ఉండదు. అమ్మ ఆవకాయ కలిపేటప్పుడు పక్కన కూర్చుంటే తెలిసేది. రాజకీయమూ అలాంటిదేననీ, కాగితం మీద గీసిన పథకంతో సమాజాన్ని నడపబోతే ఆ చేతి నేర్పు పోతుందనీ ఆయన బెంగ. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. ఇది నిజం.

డిసెంబరు 11

1881లో ఇదే రోజు రాజమండ్రిలో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించారు. సహకరించినవాళ్ళను వెలివేశారు. పొద్దుటినుంచీ ఓక్‌షాట్‌తో తగువు పడుతున్నాను: ఎవరి సంప్రదాయం?

ఆయన దగ్గర జవాబుంది. స్త్రీలకు ఓటు సహజ హక్కని కాదు, మిగతా విషయాల్లో చట్టం అప్పటికే వాళ్ళను సమానులుగా చూస్తోంది కనుక ఇవ్వాలంటాడు. మార్పుకు సూచన ఆచారంలోనే దొరుకుతుందట. నిజమే, విద్యాసాగరుడు వితంతు వివాహానికి ఆధారమైన శ్లోకాన్ని పరాశర స్మృతిలో వెతికి పట్టుకున్నాడు, 1856లో చట్టమూ వచ్చింది. కానీ ఆ శ్లోకమే లేకపోతే? ఆ వితంతు పిల్ల అలాగే ఉండిపోవాలా?

డిసెంబరు 19

1990లో ఈ రోజే ఓక్‌షాట్ డోర్సెట్‌లో పోయాడు. ఆయన రిటైరయ్యాక, 1975లో వెలువరించిన 'ఆన్ హ్యూమన్ కాండక్ట్' తెప్పించుకోవడానికి ఉత్తరం రాశాను. వస్తే ముందు ఆ శ్లోకం ప్రశ్న పెట్టుకునే చదవాలి.