బిడ్డను కాచుట యననేమి?

నవల యనగా ప్రొద్దుపుచ్చుటకే యని తలంచువారు మనలో నింకను పెక్కుమంది గలరు. మేమట్లు తలంపము. ఇంటి నాలుగు గోడల నడుమ జరిగినది బయట చెప్పుకొన వీలులేనప్పుడు, దానిని పేర్లు మార్చి మన యెదుట నిలుపునది నవలయే. అట్టి కుటుంబ నవలలలో నొక తెగ మమ్ము విశేషముగా నాలోచింపజేయుచున్నది. పదునాలుగు పదునైదేండ్ల బిడ్డకు ఘోరమైన దెబ్బ తగులును. అది ఒంటికంటె మనస్సున లోతుగా దిగును. తల్లియో తండ్రియో ఆ బిడ్డను కాచుటకై సర్వమును ఒడ్డును. కథ యెట్లు ముగిసినను, చదువరి తన్ను తా నడుగుకొనవలసిన ప్రశ్న యొక్కటి గలదు. ఆ యింటివారు కాచినది బిడ్డనా, ఇంటి పేరునా?

మా ప్రాంతమునకు ఈ ప్రశ్న క్రొత్తది గాదు. మేము మానుకోట యని పిలుచు మహబూబాబాదు జిల్లాలోని చిన్నగూడూరున జన్మించిన దాశరథి రంగాచార్యులు 1969లో వెలువరించిన ‘చిల్లర దేవుళ్లు’ నవలలో, నైజాము నాటి గడీలలోని ఆడబాపల బ్రతుకు గలదు. దొరబిడ్డ పెండ్లియై అత్తవారింటికి పోవునపుడు, ఆమె వెంట పేదయింటి ఆడుపిల్లను దాసిగా పంపుచుండిరి. ఆ పిల్ల దొరల ఇష్టమునకు లోబడి యుండవలసినదే. కన్నవారు ప్రేమ లేక పంపలేదు. కాదనుటకు శక్తి లేక పంపిరి. ప్రేమ యొక్కటియే బిడ్డను కాపాడజాలదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను? అట్టి కాలముననే, నేటి జనగామ జిల్లా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశముఖునకు వెరవక, తాను కౌలుకు చేసిన పొలము పంటను సంఘమువారి తోడ్పాటుతో ఇంటికి చేర్చుకొన్నది. పెద్దవారిని కాదనవచ్చునని పల్లెల తల్లులు అట్టివారిని చూచియే నేర్చిరి.

గడీల పెత్తనము పోయినది. కాని పరువు అను మరియొక గోడ యింకను నిలిచియున్నది. మేము జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడు చోట్లను పిల్లలకు పాఠములు చెప్పితిమి. ఒక చోట, దాని పేరు చెప్పము, తొమ్మిదవ తరగతి బాలిక యొకతె హఠాత్తుగా మాట మానినది. తలుపు చప్పుడైనను ఉలికిపడుచుండెను. ఏమి జరిగినదో మాకు తెలియదు, ఇంటివారికిని తెలియదు. చుట్టములు గాలి సోకినదనిరి, మంత్రము వేయింపుమనిరి, పెండ్లి చేసిన కుదురుననిరి. తండ్రి ప్రత్తి ఏరబోవు కూలివాడు, చదువు లేనివాడు. ఆయన మాతో నిట్లనెను: “దాన్ని నేను సతాయిస్త లేను సార్. చెప్పబుద్ధైననాడు అదే చెప్తది. అందాక బడికి నేనే తోలుకొస్త.” అన్నట్లే ప్రతిదినమును కూతురిని తీసికొనివచ్చి, కూలి పోగొట్టుకొని, చివరి గంట కొట్టువరకు బడి ఎదుటి వేపచెట్టు క్రింద కూర్చుండెడివాడు. నెల దాటిన పిదప ఆ బిడ్డ నోరు విప్పినది. తండ్రి మొదట పలికిన మాట, “నీ తప్పేం లేదు బిడ్డా.” మరునాడే ఆయన మా పంతులమ్మగారిని వెంటబెట్టుకొని పోలీసుల కడకు పోయెను. నలుగురికి తెలిసిన దాని బ్రతుకేమగునని బంధువులు అడ్డుపడిరి, ఆయన వినలేదు.

ఇట్టి తండ్రికి నేడు చట్టమును తోడుగా నున్నది. 2012లో వచ్చిన పోక్సో చట్టము ప్రకారము, బిడ్డ వాఙ్మూలమును ఆమె ఇంటనో, ఆమె కోరిన చోటనో వ్రాసికొనవలెను. సాధ్యమైనంతవరకు స్త్రీ అధికారియే వ్రాసికొనవలెను. ఆ అధికారి యూనిఫారము ధరింపరాదు. తల్లిదండ్రులుగాని, బిడ్డ నమ్మినవారుగాని ప్రక్కన ఉండవలెను. రాత్రివేళ బిడ్డను ఠాణాలో ఉంచరాదు. సాక్ష్యమునకై పదేపదే కోర్టునకు పిలువరాదు. పత్రికలు బిడ్డ గుర్తు తెలుపరాదు. కావున నలుగురికి తెలియునను భయముతో నేరమును దాచుట బిడ్డకు మేలు గాదు, నేరస్థునికే మేలు. తెలిసినవారెవరైనను పోలీసులకు తెలుపవలెనని ఆ చట్టమే శాసించుచున్నది. ఉపాధ్యాయులమైన మేమును అందులోనివారమే. 1098 నంబరునకు ఫోను చేసినను పిల్లలకు సాయము దొరకును. ఇక పెండ్లితో మరపించుట యన్నది 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము, పదునెనిమిదేండ్లు నిండని పిల్ల విషయమున, మరియొక నేరము. మనస్సునకు తగిలిన గాయమునకు మనోవైద్యులు గలరు. వారి కడకు పోవుట పిచ్చికి గుర్తని భావించుట మన అజ్ఞానమే.

గృహస్థులకు మా మనవి యిది. ఇట్టి నవల చేతికి వచ్చినపుడు పిల్లలకు కనబడకుండ పెట్టెలో దాచకుడు. ఎదిగిన కొడుకుతోను కూతురితోను కూడి చదువుడు. చదువుచుండగా, “అమ్మా, నాకే ఇట్లు జరిగితే నువ్వేం జేస్తవు?” అని బిడ్డ ఎన్నడో ఒకనాడు అడుగును. ఆ దినమున మాట మార్చక, కసరక, “నీ మాట వింటాను, నీ ప్రక్కన నిలుచుంటాను” అని చెప్పగల తల్లిదండ్రులున్న యింట, బిడ్డ తనకు కలిగిన ఆపదను దాచుకొనవలసిన పని యుండదు.