అక్కా, హోంవర్క్ ఫోటో పెట్టవా?

మాది రావికమతం మండలంలో కొండ మీద ఊరు. కొండదొరలం. చోడవరంలో హాస్టల్లో ఉండి బీఎస్సీ మేథ్స్ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గుమ్మం ఎక్కింది నేనే మొదట.

ఈ వారం ముగ్గురు చెల్లెళ్ళు "అక్కా, గ్రూప్ థియరీ హోంవర్క్ ఫోటో పెట్టవా" అని మెసేజ్ చేశారు. పెట్టలేదు. కోపం వచ్చే ఉంటుంది, అందుకే ఈ పొడుగు పోస్టు. వాళ్ళలో ఒకమ్మాయి నోట్‌బుక్ మీద మేడమ్ ఎర్ర పెన్నుతో "ఇది నువ్వే చేశావా?" అని రాసి వెనక్కిచ్చారు. అదే లెక్క హాస్టల్లో చాలా నోట్‌బుక్కుల్లో ఒక్కలాగే ఉంది, రెండే రెండు లైన్లు, కింద "హెన్స్ ప్రూవ్డ్". ఆ పిల్ల ఇప్పుడు జీడిపిక్కల సీజన్‌కి ఇంటికెళ్ళిపోతానంటోంది. సీజన్‌కని వెళ్ళినోళ్ళలో ఎంతమంది తిరిగొస్తారో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

మా నాన్నకి సంతకం కూడా రాదు గానీ లెక్క అడగడం వచ్చు. పిక్కలు తూచి షావుకారు "ఇంతయింది, పట్టు" అంటే తీసుకోరు. ఎన్ని కేజీలు తూగింది, తరుగు ఎంత తీశావు, కేజీ ఎంతకి కట్టావు, పాత బాకీ ఎంత పట్టుకున్నావు, ఒక్కోటీ చెప్పు అంటారు. మొత్తం సరిగ్గానే ఉన్నా సరే, మధ్యలోవి చెప్పకపోతే నమ్మరు. మేథ్స్ మేడమ్ కూడా అంతే. ఆన్సర్ ఆవిడకి ముందే తెలుసు. ఆవిడకి కావాల్సింది మధ్యలోది.

ఆ లెక్క ఇది. ఒక గ్రూపులో ఏ మూలకాన్నైనా దానితోనే గుణిస్తే తత్సమ మూలకం వస్తుంది. అయితే ఆ గ్రూప్ ఎబీలియన్ అని చూపించాలి. ఏ, బీ అని రెండు మూలకాలు తీసుకోండి. గ్రూప్ కాబట్టి ఏబీ కూడా అందులోదే, ఇది సంవృత ధర్మం. అందులోదే కాబట్టి ఇచ్చిన షరతు దానికీ వర్తిస్తుంది, అంటే ఏబీఏబీ తత్సమం. ఇప్పుడు రెండు వైపులా ఎడమ నుంచి ఏతో గుణించండి. మొదట్లో ఏఏ తత్సమం అయిపోయి, బీఏబీ = ఏ మిగులుతుంది. కుడి నుంచి బీతో గుణిస్తే బీఏ = ఏబీ. అయిపోయింది. మూలకాల్ని ఇలా జతలు మార్చి చూడొచ్చని చెప్పేది సాహచర్య ధర్మం, అదీ పక్కన రాయాలి. ఎడమ, కుడి అని ఎందుకు రాయాలి? ఇంకా ఎబీలియన్ అని తేలలేదు కదా! అటూ ఇటూ మార్చేస్తే, చూపించాల్సినదాన్నే ముందుగా వాడేసినట్టు. ఆ రెండు లైన్ల కాపీలో జరిగింది సరిగ్గా అదే.

రామానుజన్ చేశారు కదా అనొచ్చు. కాగితం ఖరీదని ఆయన పలక మీద చేసుకుని, ఫలితాలు మాత్రం నోట్‌బుక్కుల్లో రాసుకునేవారు. ఆ నోట్‌బుక్కుల్లోని ఫలితాలకి రుజువులు కూర్చి అమెరికాలో బ్రూస్ బెర్న్‌ట్ అనే ప్రొఫెసర్ 1985 నుంచి 1998 దాకా 5 సంపుటాలు తెచ్చారు. మన నోట్‌బుక్కుకి అంత ఓపిక ఎవరికుంటుంది?

నేను చేసేది చెప్తాను. హోంవర్క్ ఇచ్చిన రోజు రాత్రే ప్రశ్న మొత్తం రఫ్ బుక్‌లో రాసుకుంటాను, అందులో వచ్చే ప్రతి మాటకి నిర్వచనం కిందే రాస్తాను. సగం లెక్కలు అక్కడే కదులుతాయి. కదలకపోతే పడుకుంటాను. పొద్దున్న బకెట్ లైన్లో నిలబడి ఆలోచిస్తాను, అక్కడ ఎలాగూ పనేమీ ఉండదు. ఫెయిర్‌లో ఒక లైనుకి ఒక మాటే, పక్కన కారణం. 2021-22 నుంచి మనకి డిగ్రీ అంతా ఇంగ్లీష్ మీడియమే అయింది, దానికి భయపడేవాళ్ళు చాలామంది. లెట్, సిన్స్, దేర్‌ఫోర్, బట్ అనే నాలుగు మాటలు ఎక్కడ పెట్టాలో తెలిస్తే చాలా వరకు నడిచిపోతుంది. రాశాక రూమ్మేట్‌కి పైకి చదివి వినిపిస్తాను. ఆమెది తెలుగు లిటరేచర్. "ఇదెలా వచ్చింది?" అని ఆమె ఎక్కడ ఆపితే అక్కడ ఒక లైను తక్కువైనట్టు. ఇంట్లో అమ్మానాన్నలు చదివినవాళ్ళకి ఇలా అడిగేవాళ్ళు ఇంట్లోనే ఉంటారు. మనం హాస్టల్లో వెతుక్కోవాలి.

లెక్క సగంలో ఆగిపోతే, వచ్చినంత రాసి "ఇక్కడి నుంచి తెలియలేదు" అని రాసి ఇచ్చేయండి. మేడమ్ అలాంటి నోట్‌బుక్కే పక్కన పెట్టి క్లాసులో బోర్డు మీద చెప్తారు, చూశాను.

ఆ చెల్లికి నిన్న రాత్రి ఈ లెక్క కలిసి చేయించాను. కరెంటు పోయింది, ఫోన్ లైట్‌లో చేశాం. తర్వాత నోట్‌బుక్ మూసేయించి ఒక్కదాన్నే రాయమన్నాను. కుడి నుంచి గుణించే దగ్గర చాలాసేపు ఆగింది, కానీ రాసింది. సోమవారం మేడమ్‌కి చూపిస్తానంది. బస్సు సంగతి ఇంకా ఎత్తలేదు.

ఆదివారం టిఫిన్ అయ్యాక వరండాలో కూర్చుంటాం, తర్వాతి లెక్క సబ్‌గ్రూప్స్ మీద. వచ్చేవాళ్ళు రఫ్ బుక్ తెచ్చుకోండి.