ఒడిలో బిడ్డకూ ఒక టిక్కెట్టు

కర్నూలు నుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు వచ్చే రహదారి మాకు బాగా పరిచయమైన దారి. ఒకవైపు నల్లమల కొండలు, మరొకవైపు శనగ చేలు. సంఘ కూడికలకని, ఆసుపత్రులలో ఉన్నవారిని చూడాలని ఎన్ని సార్లు ఈ దారిన బస్సులో వెళ్లామో లెక్కలేదు. మా పల్లెల్లో విమానమంటే కళ్లాపి చల్లుతూ తలెత్తి చూసేదే గాని, ఎక్కేది కాదు.

ఇప్పుడు ఈ దారికి రెండు కొసలా రెండు విమానాశ్రయాలున్నాయి. కడపలో బాగుచేసిన విమానాశ్రయం 2015 జూన్ 7న ప్రారంభమైంది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం క్రింద అక్కడి నుండి హైదరాబాదుకు విమానం నడిచింది. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో కట్టినదానిని 2021 మార్చి 25న ప్రారంభించి, దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. మూడు రోజుల తరువాత అక్కడి నుండి విమానాలు ఎగిరాయి. అయినా విదేశానికి వెళ్లాలంటే మనవాళ్లు హైదరాబాదుకో, మద్రాసుకో, బెంగళూరుకో చేరవలసిందే.

మా సంఘంలో ఒక అమ్మాయి ఉంది. ఆమె మూడో నెల గర్భిణిగా ఉన్నప్పుడు భర్త కువైట్‌కు డ్రైవరు పనికి వెళ్లాడు. పాప పుట్టింది, బోర్లా పడింది, కూర్చోవడం నేర్చింది. తండ్రి అదంతా ఫోనులోనే చూశాడు. ఏడో నెలలో వారిద్దరికీ వీసా వచ్చింది.

ఒక సాయంకాలం ఆ అమ్మాయి అత్తగారు ట్రావెల్ దుకాణం వారిచ్చిన కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చింది. "అయ్యగారూ, ఇది ఒకసారి చదివి చెప్పండి" అన్నది. చదివాము. తల్లి పేరు ఉన్నది, పాప పేరు లేదు.

"పాపకు టిక్కెట్టు ఏదమ్మా?" అని అడిగాము.

"చంటిదానికెందుకయ్యగారూ? బస్సులో అడగరు, రైల్లో అడగరు. ఒళ్లోనే గదా కూర్చుండేది!"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. మన బస్సుల్లో, రైళ్లలో అయిదేళ్లలోపు పిల్లలకు టిక్కెట్టు అక్కరలేదు. విమానంలో సంగతి వేరు. రెండేళ్లలోపు బిడ్డ తల్లి ఒడిలోనే కూర్చున్నా, వేరే సీటు తీసుకోకపోయినా, బిడ్డ పేరు టిక్కెట్టులో ఉండాలి. దానికి పెద్దల ఛార్జీలో కొంత భాగమే తీసుకుంటారు. ఒక పెద్ద మనిషి ఒడిలో ఒక బిడ్డనే కూర్చోబెట్టుకోవచ్చు. వెళ్లేటప్పుడు రెండేళ్లు నిండకపోయినా తిరిగి వచ్చేనాటికి నిండితే, తిరుగు ప్రయాణానికి సీటు కొనవలసిందే.

మరునాడే దుకాణానికి వెళ్లి పాప పేరు చేర్పించాము. పాస్‌పోర్టులో ఇంటి పేరు, పెట్టిన పేరు ఏ అక్షరాలతో ఉన్నాయో టిక్కెట్టులోనూ అవే ఉండేటట్లు ప్రక్కన కూర్చుండి చూచుకున్నాము.

ఆ పాస్‌పోర్టు కథ అంతకు ముందే జరిగింది. ఒడిలో బిడ్డ అయినా విదేశానికి తన పాస్‌పోర్టు తనకుండాలి. 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి పాస్‌పోర్టు కోసం జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం. పాప పత్రంలో పేరు గడి ఖాళీ! మన ఇళ్లలో పేరు తరువాత గదా పెట్టేది. ఏడాదిలోపయితే రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చునని తెలిసి ముందు ఆ పని చేయించాము. తరువాత తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రం. తండ్రి కువైట్‌లోని మన రాయబార కార్యాలయంలో ధ్రువీకరింపజేసి పంపేసరికి మూడు వారాలు పట్టింది. అందుకే చెబుతున్నాము: ముందు బిడ్డ పేరు, తరువాత పాస్‌పోర్టు, వీసా, టిక్కెట్టు చివర.

ఇక దారి. ఏడు నెలల బిడ్డతో రాత్రంతా బస్సు ప్రయాణం చేసి, మళ్లీ విమానమెక్కడం తల్లికి కష్టమని కడప నుండే హైదరాబాదుకు విమానం చూశాము. కాని రెండు ప్రయాణాలు రెండు వేర్వేరు టిక్కెట్లయితే హైదరాబాదులో పెట్టెలు దించుకొని మళ్లీ అప్పగించాలి. మొదటిది ఆలస్యమైతే రెండవది మన కోసం ఆగదు. అందుకని నడుమ ఆరు గంటల వ్యవధి ఉంచాము. ఆ రోజు కడప విమానం గంట ఆలస్యంగానే వచ్చింది! హైదరాబాదులో ఉన్న ఆమె తమ్ముడు ఎదురువచ్చి సామాను అందుకున్నాడు.

దూరప్రయాణపు విమానాలు కొన్నింటిలో ముందు గోడకు తగిలించే చిన్న తొట్టి ఇస్తారు. అవి కొన్నే ఉంటాయి, బిడ్డ బరువుకూ పరిమితి ఉంటుంది. కనుక టిక్కెట్టు కొనేటప్పుడే అడగాలి. తల్లి బెల్టులోనే బిడ్డనూ కలిపి కట్టరాదు. సిబ్బందిని అడిగి బిడ్డ బెల్టు వేయించుకోవాలి. దారికి సరిపడా పాలు, బిడ్డ ఆహారం చేతిసంచిలో తీసుకుపోవచ్చు. తనిఖీ దగ్గర బయటికి తీసి చూపిస్తే చాలు.

విమానం ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు గాలి ఒత్తిడి మారి చెవులు నొప్పి పుడతాయి. పెద్దలం గుటక వేస్తాము. బిడ్డకు అది తెలియదు. అప్పుడు పాలు పట్టితే గుటకతో పాటు చెవి సర్దుకుంటుంది. జలుబు ఉంటే ముందుగానే డాక్టరుకు చూపించాలి. ఈ మాటలన్నీ మా ఇంటి అమ్మగారు ఆ అమ్మాయికి మూడుసార్లు చెప్పి, తిరిగి ఆమె చేత చెప్పించారు.

కడప విమానాశ్రయం వాకిట చిన్న ప్రార్థన చేసి పంపించాము. టిక్కెట్టు లేనివారు లోపలికి పోకూడదు గనుక నాయనమ్మ అద్దాల తలుపు దగ్గరే నిలబడిపోయింది. మా సంఘంలో ఇన్నేళ్లుగా ఎందరో తల్లులు పాలు తాగే బిడ్డలను అవ్వల చేతుల్లో పెట్టి కువైట్‌కు పోవడం చూశాము. అక్కడ పరాయి బిడ్డలను ఎత్తుకొని, ఇక్కడి బిడ్డ గొంతు ఫోనులో విని ఏడ్చినవారిని ఎరుగుదుము. తల్లి ఒడిలోనే బిడ్డ వెళ్లడం మేము చూడడం ఇదే మొదలు. అందుకే ఆ కాగితంలో పాప పేరు లేకపోవడం మాకు చిన్న పొరపాటుగా కనిపించలేదు.

మరునాడు ఫోను వచ్చింది. "దిగేటప్పుడు ఏడ్చింది అమ్మగారూ, పాలు పట్టితే ఊరుకుంది." ఆపైన నవ్వుతూ అన్నది: "వాళ్ల నాయన చేతికి పోనంటోంది. ముఖం చూసి ఏడుస్తోంది."

మూడో నాటికి పోయిందట. ఆ మాట విని నాయనమ్మ మా వాకిట కూర్చుండి కొంగుతో కళ్లు తుడుచుకున్నది.

ప్రియ చదువరులారా, మీ ఇంట్లో ఇటువంటి ప్రయాణం ఉంటే టిక్కెట్టు కాగితాన్ని చదవడం వచ్చిన వారి చేత ముందుగానే చదివించుకోండి. తెలియదని చెప్పడానికి సిగ్గుపడకండి. మాకూ అప్పుడే తెలిసింది.