భట్టిప్రోలు మీదుగా ఘంటసాలకు

బెజవాడవద్ద కృష్ణానది నడుమ భవానీద్వీపమున విడిది చేసినవారు, ఒక్క పగటిలో చూచి రాదగిన ప్రాచీన శిథిలములేవి యని యడిగినచో, అక్కడి విహారకేంద్రమువారు తడుముకొనక చెప్పునవి రెండు: ఉండవల్లి గుహలు, అమరావతి. రెండును చూడదగినవే. ఉండవల్లిలో ఏకశిలయందు శయనించియున్న అనంతపద్మనాభుని యెదుట ఒక్క గడియ నిలిచినవాడు ఆ కొండను తొలిచిన శిల్పుల యోర్పును మరువజాలడు. అయినను, డెల్టా నడిబొడ్డున వరిచేల మధ్య మిగిలియున్న బౌద్ధస్తూపముల ఇటుకదిబ్బలను చూడకుండ బెజవాడ విడిచిపోవుట ఈ నేలకు అన్యాయము చేయుటయేయని నాకు తోచును. ఏలయన, ఈ డెల్టా పంటభూమిగా మారిన చరిత్రయు, ఇచ్చటి స్తూపములు శిథిలమైన చరిత్రయు ఒకదానితో నొకటి పెనవేసికొనియున్నవి. కావున పడమటి గట్టున భట్టిప్రోలును, తూర్పు గట్టున ఘంటసాలను ఒకేదినమున చూచు దారిని నేనేర్పరచుకొంటిని.

దారి కుదుర్చుకొనుటలో ఆలోచింపవలసినది ఎండ. భట్టిప్రోలు దిబ్బపై నీడ లేదు. అది ఉదయమే ముగియవలెను. ఘంటసాలలో చిన్న మ్యూజియమున్నది. అది సాయంకాలము మూయుటకు ముందే చేరవలెను. ఆ యూరి శివాలయము మధ్యాహ్నము మూసియుండి సాయంకాలము తెరచుదురు. ఇంతమాత్రము లెక్కించుకొన్నచో ప్రయాణము తనంతట తానే క్రమపడును: ప్రకాశం బ్యారేజీ దాటి తెనాలి, వేమూరు మీదుగా భట్టిప్రోలు, అక్కడినుండి రేపల్లె, పెనుమూడి, పెనుమూడి పులిగడ్డ వంతెనపై కృష్ణను దాటి మోపిదేవి, చల్లపల్లి, ఘంటసాల, తిరుగుప్రయాణము పామర్రు, ఉయ్యూరు మీదుగా. ఆ వంతెన లేని రోజులలో ఈ రెండూళ్లను ఒక్కపూట జతపరచుట సామాన్యులకు సాధ్యము గాకుండెను.

కారు నడుపునతడు నా దారిని విని, "దిబ్బలు చూడ్డానికి ఎవరొస్తారండీ! మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికైతే నెలకి నాలుగుసార్లు తీసుకెళ్తాను గానీ," అనెను. సాయంకాలమునకు అతడే నాకంటె ముందు దిగి ఇటుకలను తడవి చూచుచుండుటను చెప్పకుండ ఉండలేను.

తెనాలి చేరువరకును, దాటిన తరువాతను, కాలువ మనతోడనే వచ్చుచుండును. 1852లో ఆరంభమై 1855లో ముగిసిన కృష్ణా ఆనకట్ట వలన పుట్టిన కాలువలివి. వీని నీటితో కరవునేల అన్నపూర్ణయైనది. ఆ మేలును తక్కువ చేసి చెప్పుటకు నాకు నోరాడదు. కాని భట్టిప్రోలు స్తూపముయొక్క అండము, అనగా గుండ్రని పైభాగము, రోడ్లకు కంకర కావలసి, ఆ శతాబ్దమునందే పగులగొట్టబడినది. దానిపై నుండిన సున్నపురాతి పలకలు వెల్లటూరు కాలువలాకుల కట్టడమునకు తరలిపోయినవి. ఒక తరమువారి యన్నమునకై మరియొక యుగమువారి భక్తిని సున్నముతో కలిపి కట్టిరి. ఆనాటి యింజనీర్లకు ఆ రాళ్లు రాళ్లుగానే కనబడినవి. చదువుకొన్నవారు చెప్పవలసినప్పుడు చెప్పకపోవుటయే అసలైన నష్టము.

నేడు భట్టిప్రోలులో కనబడునది గుండ్రని ఇటుకవేదిక, దాని చుట్టు ప్రదక్షిణపథపు జాడ, కంచె. చేతిలో పట్టనంత పెద్ద ఇటుకలు; అంచున విరిగినదానిని దగ్గరగా చూచినచో, మట్టిలో కలిపిన వరియూక కాలిపోయి మిగిల్చిన సన్నని గుంటలు కనబడినవి. రెండువేల యేండ్లకు పైబడిన ఆ ఇటుకలో ఈ నేలపంట పొట్టు గుర్తు పడియుండుట చూచి నేను చాలసేపు కదలలేకపోతిని.

1892లో పురావస్తుశాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ రీ ఈ దిబ్బను త్రవ్వించినప్పుడు, నడిమి గొట్టమువంటి కుహరమునందు ఒకదాని క్రింద నొకటిగా మూడు రాతిపేటికలు బయటపడినవి. వానిలో స్ఫటికపు భరిణెలును, బంగారుపూవులును, ముత్యములును, అస్థిశకలములును ఉండెను. పేటికలపై చెక్కిన బ్రాహ్మీలిపి మిగిలిన బ్రాహ్మికంటె కొంత వేరైనది. దానిని బ్యూలర్ పండితుడు చదివెను. అందు కుబిరక రాజు పేరున్నది. నన్ను ఆకర్షించినది రాజు పేరు గాదు. ఆ వెంట నిగమమను వర్తకసంఘపు సభ్యుల పేర్లు, గోష్ఠిలోని వారి పేర్లు వరుసగా ఉండుట. ఊరి వర్తకులు తమ సొమ్ముతో ఆ అస్థిధాతువును నిలిపి, తమ పేర్లను తామే వ్రాయించుకొనిరి. ఇక్కడి ధాతుశకలము తరువాత కలకత్తా చేరి, 1920లో మహాబోధి సొసైటీవారు ఆరంభించిన ధర్మరాజిక విహారమున ప్రతిష్ఠింపబడినది.

వంతెన దాటి ఘంటసాల చేరునప్పటికి ఎండ వాలినది. టాలెమీ గ్రీకుభాషలో వ్రాసిన భూగోళమున కంటకోస్సిల యని పేర్కొన్న రేవు ఇదియేనని పండితులు నిర్ణయించిరి. సముద్రము నేడు చాలదూరము జరిగిపోయినది. ఇచ్చటి స్తూపపు లోపలి నిర్మాణము చూచినవారికి ఆనాటి కట్టుబడి తెలివి బోధపడును: నడుమ ఇటుకల చదరపు గుండెకాయ, దానిచుట్టు వలయపు గోడలు, వానిని కలుపు అడ్డగోడలు, మధ్యగదులలో మట్టి. నల్లరేగడి ఎండకు బీటలువారి, వానకు ఉబ్బు నేల. ఇంతటి బరువును అట్టి నేలమీద ఇటుకలతో మాత్రమే నింపియుండిన ఎంత ఖర్చగునో, ఈ యమరికవలన ఎంత తగ్గినదో చూచినంతనే తెలియును. ఇక్కడి శిల్పములలో కొన్ని పారిస్ గీమే మ్యూజియమునకు చేరినవి. ఊరి మ్యూజియమున మిగిలినవానిని చూచి అక్కడివానిని ఊహించుకొనవలసియున్నది.

నాగార్జునకొండ శాసనమొకటి, బోధిసిరి యను ఉపాసిక కంటకసేలయందలి మహాచైత్యము తూర్పుద్వారమువద్ద రాతిమండపము కట్టించెనని చెప్పుచున్నది. భట్టిప్రోలు వర్తకులవలెనే ఆమెయు రాణి గాదు. ఈ తీరమునందు దానమిచ్చినవారిలో గృహస్థులును ఉండిరని ఆ శాసనము నాకు మరల నిశ్చయపరచినది. ఆ తరువాత జలధీశ్వరాలయమునకు పోయితిమి. ఇక్కడ పార్వతీపరమేశ్వరులు ఒకే పానవట్టముపై కొలువైయున్నారు. అర్చకుడు దీపము పైకెత్తి ఆ పీఠమును చూపించెను.

ఇంకను వెలుగున్నచో, దగ్గరలోని శ్రీకాకుళమను గ్రామమునకు పోయి, కృష్ణదేవరాయలకు ఆముక్తమాల్యద రచింపుమని స్వప్నమున ఆనతిచ్చెనని చెప్పబడు ఆంధ్రమహావిష్ణువును దర్శింపవచ్చును. నాకు వేళ చాలలేదు. అమరావతిని మాత్రము ఈ ప్రయాణములో కలుపరాదు. దానికి ఒక పూర్తిదినము కేటాయించుకొని, మ్యూజియము మూసియుండు శుక్రవారమును తప్పించి, భట్టిప్రోలు చూచిన తరువాత వేరొకనాడు వెళ్లవలెను.