సముద్ర తీరమునకు రెండు దినములు



సెలవులు దగ్గరపడగానే మా సంఘములోని కుటుంబాలలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది: "అయ్యగారూ, పిల్లలు బీచ్‌కు వెళ్దామని ఒకటే గొడవ చేస్తున్నారు. రెండు రోజులలో వెళ్ళి వచ్చే చోటు ఏదైనా ఉందా?" అడిగేవారిలో ఎక్కువమంది మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలోని కంపెనీలలో పనిచేసే తల్లిదండ్రులు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఈ బండరాళ్ళ నేల మీదికి లోకములోని సమస్తము వచ్చింది గాని, సముద్రం ఒక్కటే రాలేదు. మా ఇంట్లోనూ పదహారేళ్ళ అమ్మాయి, పదమూడేళ్ళ అబ్బాయి ఉన్నారు గనుక ఈ ప్రశ్న మాకు కొత్త కాదు.

పిల్లల నోట మొదట వచ్చే మాట గోవా. రెండవది విశాఖపట్నం. రెండును మన నగరానికి ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. నాలుగైదు రోజుల సెలవు దొరికే ఇంటికి అవి మంచివే. అయితే అర్ధరాత్రి వరకు అమెరికా వారితో ఫోనులో మాట్లాడే తండ్రికి, ఇంటర్మీడియట్ కోచింగులో తెల్లవారుజామునే కూర్చునే కుమార్తెకు కలిపి దొరికేవి రెండు దినములే. ఆ రెండు దినములలో సగం ప్రయాణానికే పోతే మిగిలేది అలసట. అందుచేత మేము చెప్పే ఊరు బాపట్ల. అక్కడి సూర్యలంక తీరము హైదరాబాదుకు సుమారు 320 కిలోమీటర్లు. ఊరి నుండి సముద్రం తొమ్మిది కిలోమీటర్ల లోపే. ఇంకొక కారణం కూడా ఉంది. ఐటీ కంపెనీలలో ఉన్న మన తెలుగువారిలో అనేకుల తాతగారి ఊళ్ళు గుంటూరు, కృష్ణా, ప్రకాశం జిల్లాలలోనే ఉన్నాయి. వారి పిల్లలు గోవా చూశారు గాని నాన్నగారు చిన్నప్పుడు బడి నుండి వనభోజనానికి వెళ్ళిన తీరం చూడలేదు.

ఇక ప్రయాణపు ఏర్పాటును గూర్చి. ఏర్పాట్లన్నీ తండ్రి కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కడే చేసి, "శుక్రవారం సాయంత్రం సిద్ధంగా ఉండండి" అని ప్రకటించే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఎనిమిదేళ్ళ పిల్లవాడైతే గంతులు వేస్తాడు. పదిహేనేళ్ళవాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని సామానులాగా వస్తాడు. ఆ వయసు పిల్లలకు ఊరు చూపించడం కంటే ఊరు చూపించే పని అప్పగించడం మేలు. బండి టిక్కెట్లు చూడడం పెద్దమ్మాయికి, రోజువారీ ఖర్చు లెక్క అబ్బాయికి ఇవ్వండి. ఇంత డబ్బు మాత్రమే ఉంది అని మొత్తం నిజంగా చెప్పండి. జీతం ఎంతో తెలియని పిల్లలు, గది అద్దె ఎంతో తెలుసుకున్నప్పుడు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. మా అబ్బాయి ఏసీ గది మానేసి మామూలు గది తీసుకొని, మిగిలిన డబ్బు రొయ్యల వేపుడుకు రాశాడు. ఉక్కపోతలో పడుకున్నాము గాని ఎవరూ సణగలేదు. తన నిర్ణయం మీద సణిగే పిల్లవాడిని మేమింకా చూడలేదు.

లింగంపల్లి నుండి తిరుపతి వెళ్ళే నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ నల్గొండ, గుంటూరు, తెనాలి మీదుగా బాపట్లకు పోతుంది. హైటెక్ సిటీ స్టేషనులో ఎంఎంటీఎస్ ఎక్కితే లింగంపల్లి ఎంతో దూరం కాదు. బాపట్లలో దిగేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది గనుక బస ముందే మాట్లాడుకొని, ఆలస్యంగా వస్తామని వారికి ఫోను చేసి చెప్పాలి. ఈ పని కూడా పిల్లల చేతనే చేయించండి. తెలియని పెద్దలతో ఫోనులో మర్యాదగా మాట్లాడడం ఈ తరం పిల్లలకు పరీక్ష కంటే కష్టం. రైల్వేవారు 2024 నవంబరు నుండి ముందస్తు రిజర్వేషను గడువును 120 రోజుల నుండి 60 రోజులకు తగ్గించారు. కాబట్టి ప్రయాణపు తేదీకి రెండు నెలల ముందు రోజును క్యాలెండరులో గుర్తు పెట్టుకుంటే చాలు. కారులో వెళ్ళేవారికి ఒక్క మనవి. రాత్రి రెండు గంటలకు పని ముగించి, నాలుగు గంటలకు స్టీరింగు పట్టుకోవద్దు. నిద్ర లేని తండ్రి, వెనుక సీటులో నిద్రపోతున్న పిల్లలు — ఆ దృశ్యం తలచుకుంటేనే మాకు భయం వేస్తుంది.

ఎప్పుడు వెళ్ళాలి? మేలో ఇసుక కాలుతుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుపానుల కాలం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పెద్దవారికి ఇంకా జ్ఞాపకమే. మొన్న 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది సరిగ్గా ఈ బాపట్ల దగ్గరే. కనుక దసరాకు వెళ్ళాలనుకునేవారు వెళ్ళండి గాని వాతావరణ సూచన చూసి, అవసరమైతే మానుకునే మనసుతో వెళ్ళండి. సంక్రాంతి మొదలు ఫిబ్రవరి వరకు గాలి హాయిగా ఉంటుంది. ఆ నెలలలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ తీరపు ఇసుక మీదికి వస్తాయి.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. సముద్రమే లేని మన హైదరాబాదులో, హైటెక్ సిటీకి ఎంతో దూరం కాని ప్రగతినగర్‌లో, దేశపు సముద్రాలన్నిటినీ కనిపెట్టి చూసే కార్యాలయం ఉంది. దాని పేరు ఇన్‌కాయిస్, అనగా భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. 1999లో ఏర్పడింది. 2004 డిసెంబరు 26న, ఆదివారం ఉదయం సునామీ వచ్చి మన రాష్ట్రపు తీరంలో కూడా ప్రాణాలు తీసిన తరువాత, 2007లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రాన్ని అక్కడే నెలకొల్పారు. అలల ఎత్తు, ఉప్పొంగే కెరటాలను గూర్చిన హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల వివరాలు అక్కడి నుండే జాలరులకు వెళ్తాయి. బయలుదేరే ముందు రోజు ఆ హెచ్చరికలు చూసి ఇంట్లో అందరికీ చదివి వినిపించే పని ఒక పిల్లవాడికి ఇవ్వండి. పెద్దలు "వద్దు" అన్నప్పుడు వాదించే పిల్లవాడు, తానే చదివిన హెచ్చరికతో వాదించడు.

మిగిలిన పనులన్నీ పిల్లలకు అప్పగించమన్నాము గదా, ఒక్కటి మాత్రం అప్పగించవద్దు. అది నీళ్ళు. ఊరు, బండి, తిండి, ఖర్చు పిల్లలవి. నీళ్ళు పెద్దలవి. ఇందులో ఓట్లు లేవు, బతిమాలుకోవడం లేదు. సూర్యలంకలోను, చీరాల దగ్గర వాడరేవులోను విహారానికి వచ్చిన యౌవనస్థులు అలలలో కొట్టుకుపోయిన వార్తలు ప్రతి ఏటా పత్రికలలో వస్తూనే ఉన్నాయి. వారిలో చాలామంది స్నేహితులతో వచ్చినవారు, ఈత కొంచెం వచ్చినవారు.

మన ప్రాంతపు పిల్లలకు ప్రమాదం ఎక్కువ అని మేము అనుకోవడానికి కారణం ఉంది. వీరు ఈత నేర్చుకున్నది గేటెడ్ కమ్యూనిటీ కొలనులో. అక్కడ నీరు కదలదు, అడుగు కనిపిస్తుంది, అలసిపోతే పట్టుకోవడానికి గట్టు ఉంది. "మాకు ఈత వచ్చు డాడీ" అనే మాట ఆ కొలను వరకే నిజం. సముద్రంలో అలలు ఒడ్డుకు తోసిన నీరంతా తిరిగి లోపలికి పోవాలి. ఇసుక తిన్నెల మధ్య ఖాళీ ఉన్న చోట ఆ నీరు సన్నని కాలువలాగా బలంగా వెనక్కి లాగుతుంది. దీనినే రిప్ కరెంట్ అంటారు. ఇందులోని మోసం ఏమిటంటే, ఆ చోట అలలు విరగవు. రెండు పక్కల నురగ ఉంటుంది, నడుమ మాత్రం నీరు ప్రశాంతంగా, కొంచెం ముదురు రంగులో కనిపిస్తుంది. తెలియని పిల్లవాడు "ఇక్కడ అలలు లేవు" అని సరిగ్గా అక్కడే దిగుతాడు.

ఆ లాగుడులో చిక్కినవాడు ఒడ్డు వైపుకే ఎదురీదితే ఎంత బలవంతుడైనా అలసిపోతాడు. ఎదురీదకూడదు. వెల్లకిలా తేలుతూ, చేయి ఎత్తి పిలుస్తూ, వీలైతే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు కదలాలి. ఆ కాలువ వెడల్పు తక్కువ గనుక పక్కకు వస్తే లాగుడు వదులుతుంది, ఆ తరువాత అలలే ఒడ్డుకు తోస్తాయి. ఒడ్డున ఉన్నవారు వెనుకనే దూకకూడదు. ఒకరిని రక్షించబోయి ఇద్దరు ముగ్గురు పోయిన సంఘటనలు ఎన్నో ఉన్నాయి. తేలేది ఏదైనా విసరండి, ఖాళీ నీళ్ళ డబ్బా అయినా సరే. గజ ఈతగాళ్ళను, జాలరులను కేక వేయండి. 112కు, 108కు ఫోను చేయండి. ఈ సంగతులు ఒడ్డున నిలబడి చెబితే పిల్లలు వినరు. వారి కళ్ళు అలల మీదే ఉంటాయి. ఇంట్లో, భోజనం బల్ల దగ్గర, కాగితం మీద బొమ్మ గీసి చెప్పండి.

మా ఇంటి కట్టడ ఇది. మోకాళ్ళు దాటి లోపలికి లేదు. సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగడం లేదు. చీకటి పడితే నీళ్ళు లేవు. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపు పెద్దలలో ఒకరు ఒడ్డున నిలబడి ఉండాలి, ఆ ఒకరి చేతిలో ఫోను ఉండకూడదు. ఈ చివరి మాట కష్టంగా తోస్తుంది. "రెండే నిమిషాలు, ఆఫీసు మెసేజ్" అంటారు. అల వెనక్కి వెళ్ళడానికి రెండు నిమిషాలు పట్టదు. తండ్రి లాప్‌టాప్‌ను గూర్చి కూడా పిల్లలతో ముందే ఒప్పందం చేసుకోవడం మంచిది. ఉదయం ఒక గంట పని తప్పదంటే ఆ గంట ఏదో చెప్పండి. దాచి చేసే పని కంటే చెప్పి చేసే పనిని పిల్లలు ఎక్కువ క్షమిస్తారు.

తల్లులకు ఒక మాట. ఎదిగిన ఆడపిల్లలున్న ఇంట్లో తేదీ వేసేటప్పుడు వారి నెలసరి దినములు చూసుకోండి. తడి బట్టలు మార్చుకొనే చోటు, మరుగుదొడ్డి దగ్గరలో ఉన్న బస చూసుకోండి. ఆదివారాలలో సూర్యలంక జనంతో కిటకిటలాడుతుంది, తాగి వచ్చే గుంపులు కూడా ఉంటాయి. సముద్రానికి శనివారం ఉదయం మంచిది. తూర్పు తీరం గనుక సూర్యుడు నీళ్ళలో నుండి లేస్తాడు, అస్తమించడం మాత్రం మన వెనుక జీడిమామిడి తోటల మీదుగా. పిల్లలను ఐదు గంటలకు లేపడం సామాన్యమైన పని కాదు. మేము లేపిన రోజున అమ్మాయి దుప్పటితోనే నడిచి వచ్చి ఇసుక మీద కూర్చుంది. వెలుగు వచ్చే వరకు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తరువాత, కాలేజీలో తనకు నచ్చని కోర్సును గూర్చి అర్ధగంట మాట్లాడింది. ఆ సంగతి ఇంట్లో ఆరు నెలలుగా ఉన్నదట, మాకు తెలియదు.

మధ్యాహ్నపు ఎండలో తీరం పనికిరాదు. అప్పుడు చీరాల వైపు వెళ్ళండి. దారిలో స్టూవర్టుపురం వస్తుంది. సినిమాల వల్ల పిల్లలకు ఈ పేరు దొంగల ఊరుగా తెలుసు. ఆంగ్లేయుల ప్రభుత్వం చట్టం పెట్టి పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన ఎరుకల కుటుంబాలను 1910వ దశకంలో సాల్వేషన్ ఆర్మీ మిషనెరీల పర్యవేక్షణలో ఇక్కడ స్థిరపరచారు. సర్ హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేరు పెట్టారు. ఆ చట్టం స్వాతంత్ర్యం తరువాత 1952లో దేశమంతటా రద్దయింది గాని, పేరు మీది మచ్చను సినిమాలు మోస్తూనే ఉన్నాయి. ఒక పుట్టుకకు నేరం అంటగట్టడం న్యాయమా అని పిల్లలను అడిగి చూడండి. ఈ వయసు పిల్లలకు అన్యాయం అంటే వెంటనే కోపం వస్తుంది, ఆ కోపం మంచిదే.

చీరాల దాటాక వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో స్థాపించిన గ్రంథాలయం. 1929లో గాంధీగారు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. "సెలవులలో లైబ్రరీయా?" అని మా అబ్బాయి ముఖం పెట్టాడు. అక్కడ దాచి ఉంచిన పాత పత్రికలను గూర్చి చెప్పిన తరువాత, వాళ్ళ తాతగారు పుట్టిన సంవత్సరపు సంచిక ఉంటుందా అని అతడే అడిగాడు. వేటపాలెం జీడిపప్పు కొనుక్కొని సాయంత్రం వాడరేవులో పడవలు చూడవచ్చు. చేపల ధర అడిగే పని, బేరమాడే పని పిల్లలవే. వంజరం ధర విని మా వాడు వెనక్కి వచ్చేశాడు.

ఆదివారం ఉదయం ఆ ఊరి సంఘారాధనకు వెళ్ళండి. బాపట్ల, చీరాలలలో బాప్టిస్టు, లూథరన్ మిషనుల కాలం నాటి సంఘాలున్నాయి. మన ప్రాంతంలో తెర మీద వచ్చే పాటలు చూసి పాడే పిల్లలు, అక్కడ పుస్తకం లేకుండా చరణాలన్నీ పాడే వృద్ధులను చూస్తారు. మనల్ని ఎరుగనివారు భోజనానికి రమ్మంటారు. సమయముంటే కాదనకండి.

తిరుగు బండి రాత్రివేళ బాపట్ల దాటి తెల్లవారి నగరం చేరుతుంది. స్టేషనులో కూర్చునేటప్పుడు ఖర్చు లెక్క తేల్చుకోండి. మిగిలిన డబ్బు ఎవరికి అన్నది మాత్రం బయలుదేరే ముందే మాట్లాడుకోవాలి, లేకపోతే ప్లాట్‌ఫారం మీదే యుద్ధం. సోమవారం బడికి పంపాలా, నిద్రపోనివ్వాలా అన్నది కూడా ముందే తేల్చుకోండి. మా ఇంట్లో ఆ విషయంలో పిల్లలకు ఓటు లేదు.